మీటరు మాట నమ్మాలా, సప్లై మాట నమ్మాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి ఉన్నాయి: బల్ల మీద పెట్టుకునే 0–30 వోల్టుల డీసీ పవర్ సప్లై. కాలేజీలకు సెలవులు కదా, ఇంట్లో ప్రాజెక్టులు మొదలైనట్టున్నాయి. అందుకే ఇన్వర్టరు ప్రశ్నలను వచ్చే సంచికకు ఆపి వీటినే తీసుకుంటున్నాను. కర్నూలులో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ సప్లైలను పరీక్షించడం, బాగుచేయడం నా పని. ఈ విషయం వచ్చిందంటే కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో డిప్లొమా ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం 30 వోల్టులు, 5 ఆంపియర్ల సప్లై ఆన్‌లైన్‌లో కొన్నాను. దాని డిస్‌ప్లే 5.00 అంటే నా మల్టీమీటరు 5.05 అంటోంది. ఫ్రెండు మీటరు పెడితే 4.98 వచ్చింది. మూడింటిలో ఏది కరెక్టు? సప్లై వెనక్కి పంపడానికి గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు టెన్షన్ వదిలెయ్యి బాబూ. నువ్వు రాసిన మూడు అంకెల్లో తప్పు ఏదో ఇప్పటికైతే చెప్పలేం. మూడూ ఒప్పే కావచ్చు. ఎట్లాగంటావా?

మీటరుతో వచ్చిన చిన్న పుస్తకం తీసి డీసీ వోల్టేజి పట్టిక చూడు. డిస్‌ప్లేలో అంకెలు 1999 దాకా లెక్కపెట్టే మామూలు మీటర్లలో సాధారణంగా "±(0.5% + 2 అంకెలు)" అని ఉంటుంది. ఇక్కడ అంకె అంటే డిస్‌ప్లేలో చిట్టచివరి స్థానం. 20 వోల్టుల రేంజిలో అది 0.01 వోల్టు, అంటే 10 మిల్లీవోల్టులు. 5 వోల్టుల్లో అర శాతం 25 మిల్లీవోల్టులు. రెండంకెలకు ఇంకో 20. మొత్తం 45. కాబట్టి నీ మీటరు 5.05 అన్నప్పుడు అసలు వోల్టేజి 5.005 నుంచి 5.095 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. నీ ఫ్రెండుది కూడా అలాంటి మీటరే అయితే, 4.98 అంటే 4.935 నుంచి 5.025 దాకా. సప్లై డిస్‌ప్లేకీ ఇంచుమించు ఇదే హామీ ఇస్తారు, దాని ప్రకారం 4.955 నుంచి 5.045.

ఈ మూడింటినీ ఒక కాగితం మీద గీతలుగా గీసి చూడు. మూడూ కలిసే చోటు ఒకటుంది: 5.005 నుంచి 5.025 వరకు. అసలు వోల్టేజి అక్కడ ఉంటే ముగ్గురూ తమ తమ హామీలోనే ఉన్నట్టు. మీటర్లు కొట్లాడుతున్నట్టు కనిపిస్తాయి కానీ, హద్దులు కూడా వేసి చూస్తే ఒకే మాట చెబుతున్నాయి. రీడింగు పక్కన హద్దు రాయకుండా "నా మీటరు ఇంత చూపించింది" అంటే అది సగం కొలతే. మా ల్యాబు రికార్డుల్లో హద్దు రాయని రీడింగుకు నేను సంతకం పెట్టేదాన్ని కాదు.

ఇక నువ్వు అడగని విషయం ఒకటుంది, మన జిల్లాలకు అదే ముఖ్యం. ఆ హామీ ఎప్పుడు చెల్లుతుంది? అదే పట్టిక కింద చిన్న అక్షరాల్లో "23 ± 5 డిగ్రీల సెల్సియస్" అని రాసి ఉంటుంది. అంటే 18 నుంచి 28 డిగ్రీల మధ్య మాత్రమే. మే నెలలో అనంతపురంలో మిట్టమధ్యాహ్నం ఏ గది 28 డిగ్రీలుంటుంది చెప్పు? చాలా మీటర్లకు, 28 దాటిన ప్రతి డిగ్రీకీ ఆ హామీలో పదోవంతు అదనంగా కలుపుకోమని కూడా రాస్తారు. గది 38 డిగ్రీలుంటే పది డిగ్రీలు ఎక్కువ, అంటే హద్దు సరిగ్గా రెట్టింపు. నీ 45 మిల్లీవోల్టులు 90 అయి కూర్చుంటాయి. కాబట్టి ఈ పరీక్ష పొద్దున్నే, ఎండ ముదరకముందు చెయ్యి. ఏసీ ఉన్న గది దొరికితే మరీ మంచిది. సప్లైనీ మీటరునూ ఆ గదిలో పెట్టి, స్విచ్ వేసి అరగంట వదిలెయ్యి. లోపలి భాగాలు వేడెక్కి ఒక స్థితికి వచ్చేదాకా సప్లై వోల్టేజి మెల్లగా జరుగుతూనే ఉంటుంది. వెయ్యగానే కొలిచిన రీడింగును లెక్కలోకి తీసుకోవద్దు.

మీటరులో 9 వోల్టుల బ్యాటరీ ఎప్పుడు మార్చావు? పసుపు రంగు చవక మీటర్లలో బ్యాటరీ నీరసించిందంటే రీడింగు సాధారణంగా ఎక్కువ చూపించడం మొదలవుతుంది. కొత్త బ్యాటరీ వేసి మళ్లీ కొలువు. తర్వాత రెండు ప్రోబులూ కలిపి పట్టుకుంటే 0.00 రావాలి. ప్రోబులు తారుమారు చేస్తే అదే అంకె మైనస్ గుర్తుతో రావాలి. ఈ రెండూ నిమిషం పనులు, కానీ మీటరు సంగతి చాలా చెప్తాయి.

నీ సప్లై గట్టిగా పరీక్షించాలంటే దానికంటే నాలుగు రెట్లు మెరుగైన మీటరు కావాలి. కొలతల పనిలో పాతుకుపోయిన లెక్క అది. ప్రొద్దుటూరులో బంగారం అంగడికి వెళ్తే, నగను కూరగాయల తక్కెడలో వేసి తూచుతామంటే ఒప్పుకుంటావా? అక్కడి కాటా మిల్లీగ్రాములు చూపించాలి, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర కూడా ఉండాలి. అర శాతం సప్లైను అర శాతం మీటరుతో తేల్చడం ఆ తక్కెడ పనే. మీ కాలేజీ ల్యాబులో 19999 దాకా లెక్కపెట్టే నాలుగున్నర అంకెల బెంచ్ మీటరు ఉంటుంది, లెక్చరర్ గారిని అడుగు. దాని హామీ 0.05 శాతం, మూడంకెలు అనుకుందాం. 20 వోల్టుల రేంజిలో ఒక అంకె ఒక్క మిల్లీవోల్టే. 5 వోల్టుల దగ్గర 2.5, ఇంకో 3, మొత్తం 5.5 మిల్లీవోల్టులు. నీ సప్లై హద్దు 45. ఎనిమిదో వంతు. అదీ తేల్చగలిగిన మీటరు.

అక్కడ ఒక్క 5 వోల్టుల దగ్గరే ఆగిపోవద్దు. 1, 5, 12, 18, 24, 30 దగ్గర రాసుకో. తేడా అన్ని చోట్లా ఒకేలా ఉంటే, అంటే 1 దగ్గరా 30 మిల్లీవోల్టులే, 30 దగ్గరా 30 మిల్లీవోల్టులే అయితే, సున్నా జరిగిందన్నమాట. వోల్టేజితో పాటు తేడా పెరుగుతూ పోతే గెయిన్, అంటే వోల్టేజిని హెచ్చించే నిష్పత్తి తప్పింది. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు, ఒక్క రీడింగుతో బయటపడవు. ఇంకో మాట, 1999 మీటరుతో 20 దాటి కొలిస్తే రేంజి 200కు మారుతుంది, అక్కడ ఒక అంకె 0.1 వోల్టు. 24 దగ్గర హద్దు 320 మిల్లీవోల్టులు. ఆ రీడింగుతో సప్లై మీద తీర్పు చెప్పకు.

కాలేజీ మూసి ఉంటే ఎల్ఎమ్ 4040 అనే చిన్న రిఫరెన్స్ భాగం ఉంది. 5 వోల్టుల రకం, ఏ గ్రేడు తెప్పించుకో. 25 డిగ్రీల దగ్గర దాని హామీ 0.1 శాతం, అంటే 4.995 నుంచి 5.005. 9 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా కరెంటు ఇస్తే దాని కొసల మధ్య 5 వోల్టులు నిలబడతాయి. వేడికి అదీ కొన్ని మిల్లీవోల్టులు జరుగుతుంది, అందుకే మళ్లీ చెప్తున్నాను, పొద్దున్నే చెయ్యి. దానితో ముందు నీ మీటరు ఎటు వాలుతోందో తెలుసుకుని, తర్వాత సప్లై దగ్గరికి వెళ్లు. కొత్త పెన్సిల్ సెల్ 1.5 వోల్టులే కదా, దానితో సరిచూసుకుంటాం అని చాలామంది రాస్తుంటారు. కొత్త ఆల్కలైన్ సెల్ 1.6 దాకా చూపిస్తుంది. దాని మీద రాసింది పేరే తప్ప కొలత కాదు.

ఇప్పుడున్న రీడింగులను బట్టి సప్లై వెనక్కి పంపక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నాకు కడపలో సెవెన్ రోడ్స్ దగ్గర మొబైల్ రిపేరు షాపు ఉంది. సప్లైలో 4.20 పెట్టి ఫోన్ బోర్డుకు ఇస్తే, బోర్డు ఆన్ అయ్యేటప్పుడు అక్కడ 3.9కి పడిపోతోంది. డిస్‌ప్లేలో మాత్రం 4.20 కదలడం లేదు. డిస్‌ప్లే అబద్ధం చెబుతోందా?

జవాబు: లేదు తమ్ముడూ, డిస్‌ప్లే తన దగ్గర ఉన్నది చెబుతోంది. అది కొలిచేది పెట్టె లోపల, సాకెట్ల దగ్గర. నీ బోర్డు ఉన్నది వైర్ల అవతల.

లెక్క వేద్దాం. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ మీటరు పొడవుకు సుమారు 0.017 ఓమ్ ఉంటుంది. సప్లైతో వచ్చే సన్న తీగ అర చదరపు మిల్లీమీటరు అనుకుంటే రెట్టింపు, 0.034. పోవడానికి ఒక మీటరు, రావడానికి ఒక మీటరు, మొత్తం 0.068 ఓమ్. క్లిప్పులు బిగువు తగ్గి, తుప్పు పట్టి ఉంటే అక్కడ ఇంకో 0.05 పోతుంది. ఫోను ఆన్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగితే 0.24 వోల్టు దారిలోనే ఖర్చు. 4.20లో అది పోతే మిగిలేది 3.96. నీ తీగ ఇంకా సన్నమైతే 3.9 అక్కడే వచ్చేసింది.

ఖాయం చేసుకోవాలంటే ఒక మీటరు సప్లై సాకెట్ల మీద, ఇంకొకటి బోర్డు మీద, వైరు చుట్టిన లావు రెసిస్టర్‌తో నిలకడగా 2 ఆంపియర్లు లాగుతూ చూడు. సాకెట్ల దగ్గర 4.20 నిలబడి బోర్డు దగ్గర పడితే తప్పంతా వైరుదే. తీగకు అయస్కాంతం పెట్టి చూడు, అతుక్కుంటే లోపల ఇనుము ఉందన్నట్టు, పారెయ్యి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు రాగి తీగ, ఒక్కోటి అర మీటరు చాలు, రెండూ మెలేసి వాడు. అప్పుడు 2 ఆంపియర్ల దగ్గర తీగలో పోయేది 23 మిల్లీవోల్టులే.

సాకెట్ల దగ్గర కూడా పడిపోతుంటే మాత్రం "సీసీ" దీపం, అంటే కరెంటు పరిమితికి చేరిందని చెప్పేది, వెలుగుతోందేమో చూడు. కరెంటు పరిమితి 1 ఆంపియర్ దగ్గర పెట్టి ఉంటే సప్లై కావాలనే వోల్టేజి తగ్గిస్తుంది. దాన్ని లోపం అనుకోకు, నీ బోర్డును కాపాడుతోంది. డిస్‌ప్లే సగటు చూపించేది కాబట్టి ఆ క్షణకాలపు పతనం దానిలో కనిపించకపోవచ్చు. వైర్లలో తరుగు ఉంటుంది కదా అని సప్లైని 4.5కు పెంచి మాత్రం పెట్టొద్దు. ఫోను కరెంటు తగ్గించిన మరుక్షణం ఆ 4.5 మొత్తం బోర్డు మీదికే వస్తుంది. సెల్ నేరుగా తగిలించి ఉంటే మరీ ప్రమాదం, మామూలు లిథియం సెల్‌కు 4.20 మీద ఒక్క శాతం, అంటే 40–50 మిల్లీవోల్టులకు మించి వెసులుబాటు ఉండదు.

ప్రశ్న: సప్లై మూత తీస్తే లోపల రెండు మూడు చిన్న నీలం ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే భాగాలు) కనిపించాయి. వాటిని తిప్పితే డిస్‌ప్లే సరిపోతుందని ఒకాయన చెప్పారు. తిప్పమంటారా? – గుంతకల్లు

జవాబు: వద్దమ్మా. మీ దగ్గర నమ్మకమైన మీటరు లేకుండా తిప్పితే ఒక తప్పును ఇంకో తప్పుతో కలిపినట్టే అవుతుంది, ఆ తర్వాత వెనక్కి వెళ్లే దారి కూడా ఉండదు. పైగా ఏ ప్రీసెట్ డిస్‌ప్లేకి, ఏది అసలు వోల్టేజికి, ఏది కరెంటు పరిమితికి అన్నది సర్క్యూట్ బొమ్మ లేకుండా తెలియదు. స్విచ్‌మోడ్ సప్లై (బరువు ట్రాన్స్‌ఫార్మర్ లేని తేలిక రకం) అయితే మెయిన్స్, అంటే గోడ కరెంటు వైపు కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. మూత బిగించేయండి. తేడా ఎంతో ఒక చీటీ మీద రాసి సప్లైకి అతికించుకుంటే చాలు: "5 అంటే 5.02" అని. మా ల్యాబులో ఒక్కో సప్లైకి అలాంటి చీటీ ఉండేది, తారీఖుతో సహా.

ప్రశ్న: నేను ఆదోనిలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌ని. మా ల్యాబులో ముల్లు మీటర్లున్న పాత డబుల్ సప్లై ఉంది, 0–30 వోల్టులు, 2 ఆంపియర్లు. బాగు చేయించడానికి నిధులు లేవు. పిల్లలతో ప్రయోగాలు చేయించడానికి పనికొస్తుందో లేదో మేమే పరీక్షించుకోవచ్చా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు మాస్టారూ, మీ దగ్గర ఉన్న సామాను చాలు. అలాంటి సప్లైలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బరువు ట్రాన్స్‌ఫార్మర్, వెనక పెద్ద హీట్‌సింకు ఉన్నవి జాగ్రత్తగా చూసుకుంటే చాలాకాలం వస్తాయి.

ముల్లును ముందు పక్కన పెట్టండి. మీటరు ముఖం మీద కింద మూలన "2.5" అని చిన్నగా ఉంటుంది, అది దాని తరగతి. అంటే పూర్తి స్కేలులో రెండున్నర శాతం. 30 వోల్టుల స్కేలు మీద 0.75 వోల్టు, అదీ స్కేలులో ఎక్కడైనా సరే. 30 దగ్గర అది పెద్దగా అనిపించదు. 5 దగ్గర అదే 15 శాతం. ముల్లును చూసి 5 పెట్టి డిజిటల్ ఐసీ తగిలిస్తే 4.75 నుంచి 5.25 వరకే తట్టుకునే ఆ ఐసీ సంగతి ఏమవుతుంది? కాబట్టి పిల్లలు ముల్లు చూసి సుమారుగా తిప్పి, డిజిటల్ మీటరు చూసి సరిచేసేలా అలవాటు చేయండి.

అసలు పరీక్ష బరువు (లోడ్) వేసి, అంటే కరెంటు లాగుతూ చూడటం. 12.00 వోల్టులు పెట్టి, ఏమీ తగిలించకుండా సాకెట్ల దగ్గర రాసుకోండి. తర్వాత మీ ల్యాబులో రియోస్టాట్ ఉంటుంది కదా, దాన్ని 6 ఓమ్‌ల దగ్గర పెట్టి తగిలించండి. 2 ఆంపియర్లు పారతాయి, 24 వాట్లు వేడిగా పోతాయి. రియోస్టాట్ మీద రాసిన కరెంటు 2 కంటే ఎక్కువ ఉందో లేదో ముందు చూసుకోండి. కొలిచే ప్రోబులు మాత్రం కచ్చితంగా సప్లై సాకెట్ మెడ దగ్గరే ఆనాలి, రియోస్టాట్ వైర్ల మీద కాదు. ఆరోగ్యంగా ఉన్న లీనియర్ సప్లై అయితే కొన్ని మిల్లీవోల్టులే తగ్గుతుంది. పావు వోల్టు తగ్గిందంటే లోపల రెగ్యులేషన్ (వోల్టేజిని నిలకడగా ఉంచే ఏర్పాటు) దెబ్బతిన్నట్టు, లేదా సాకెట్ వెనక నట్టు వదులైనట్టు. నేను చూసిన వాటిలో నట్టు వదులైనవే ఎక్కువ.

డిమ్మర్‌స్టాట్ ఉంటే మెయిన్స్‌ను 207 నుంచి 253 దాకా మార్చి కూడా చూడండి. 230కి పది శాతం కింద, పది శాతం పైన అన్నమాట. లేకపోయినా మన పక్క పల్లెల్లో వ్యవసాయ మోటార్లు నడిచే వేళ మెయిన్స్ దానంతటదే పడుతుంది, అప్పుడొకసారి, మోటార్లు ఆగాక ఒకసారి కొలవండి. 30 వోల్టులు, 2 ఆంపియర్ల దగ్గర మెయిన్స్ తగ్గినప్పుడు చాలా సప్లైలు మొరాయిస్తాయి. డీసీ మీటరు అప్పుడు కూడా దాదాపు సరిగ్గానే చూపించవచ్చు, కానీ ఆసిలోస్కోపులో 100 హెర్ట్జ్ అలలు కనిపిస్తాయి. మెయిన్స్ 50, రెండు సగాలనూ రెక్టిఫై చేస్తారు కాబట్టి 100. ఎప్పుడూ ఆ అలలు ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టు. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఆదోని ఎండకు అవే ముందుగా పోయేవి. రెండు కెపాసిటర్లు మార్పించడం పెద్ద ఖర్చు కాదు మాస్టారూ, ఆ పెట్టెను స్టోర్‌రూములో పడేయకండి.

ప్రశ్న: మీటరును ఇంకో మీటరుతో, దాన్ని ఇంకోదానితో సరిచూస్తారు. మరి చిట్టచివరి దానికి ఒక వోల్టు అంటే ఎంతో ఎవరు చెప్తారు? – తొమ్మిదో తరగతి, జమ్మలమడుగు

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే తల్లీ. నీ వయసులో ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

1893లో ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఆయన పాదరసం, కాడ్మియంతో ఒక సెల్ తయారుచేశాడు. 20 డిగ్రీల దగ్గర అది 1.0186 వోల్టులు ఇస్తుంది, ఏళ్ల తరబడి దాదాపు మారదు. చాలాకాలం ప్రపంచమంతా వోల్టును దానితోనే దాచుకుంది. కానీ దాన్ని కుదపకూడదు, దాని నుంచి కరెంటు లాగకూడదు, వేడి మారకూడదు. అంత సున్నితం.

1962లో బ్రయన్ జోసెఫ్‌సన్ ఇంకో దారి చూపించాడు. బాగా చల్లబరిచి సూపర్‌కండక్టర్లుగా మార్చిన రెండు లోహాల మధ్య చాలా పలచని పొర పెట్టి, దాని మీద మైక్రోవేవ్ తరంగాలు వేస్తే, వోల్టేజి మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక్కో మెట్టు ఎత్తు ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడుతుంది, లోహం ఏదన్నది లెక్కలోకి రాదు. ఫ్రీక్వెన్సీని మనం అన్నిటికంటే బాగా కొలవగలం. అందుకే 1990 నుంచి దేశాలన్నీ వోల్టును ఈ పద్ధతిలోనే నిలబెడుతున్నాయి. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం విలువలను శాశ్వతంగా ఖరారు చేశారు, వోల్టు ఇప్పుడు వాటి నుంచే వస్తుంది.

మన దేశంలో ఆ ప్రమాణాలను కాపాడేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. అక్కడి నుంచి ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబులకు, అంటే మీటర్లను ప్రమాణంతో సరిచూసే ల్యాబులకు, వాటి నుంచి కాలేజీ, ఫ్యాక్టరీ మీటర్లకు ఆ వోల్టు మెట్టు మెట్టుగా దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర హద్దు కొంచెం పెరుగుతుంది. అది ఎంత పెరిగిందో సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. మీ స్కూలు ల్యాబులో మీటరు ఉంటే దాని వెనక కాలిబ్రేషన్ స్టిక్కరు ఉందేమో చూసి నాకు రాయి.

ప్రశ్న: నా దగ్గర కొంత డబ్బుంది. ముందు ఖరీదైన సప్లై కొనాలా, మంచి మీటరు కొనాలా? – ఎమ్మిగనూరు

జవాబు: మీటరు. మామూలు సప్లైలో తప్పెంతో మంచి మీటరు చెబుతుంది, అప్పుడు ఆ సప్లైతోనే సరైన పని చేసుకోవచ్చు. 6000 లేదా అంతకంటే ఎక్కువ లెక్కపెట్టేది, డీసీ హామీ 0.1 శాతం దగ్గర్లో ఉన్నది చూడండి. కొనేముందు ఆ హామీ ఏ ఉష్ణోగ్రతల మధ్య చెల్లుతుందో పుస్తకంలో చదవండి, దుకాణంవాడు పెట్టె విప్పనంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.